గాలిగొట్టంలో శాశ్వత ఆదివారం

ఈ దేశంలో కార్మికుల విశ్రాంతి కోసం మనసా వాచా కర్మణా పాటుపడుతున్నవాడు ఒక్కడే ఉన్నాడు. అతడు బీడీ వెలిగించేవాడు!

నవ్వకండి. నేను కాన్వెంటులో చదువుకున్నదాన్ని. అక్కడ నవ్వడానికి వేరే పీరియడ్ ఉండేది కాదు. ఆ తరువాత ఉద్యోగం చేసినన్నాళ్లూ నంద్యాల పిల్లలకు జీవశాస్త్రం చెప్పినదాన్ని. ఆధారం లేనిదే నోరు తెరవను.

మీ గొంతు కింద ఒక శ్రామికవాడ ఉన్నదని మీలో ఎందరికి తెలుసు?

గాలి లోపలికి వెళ్లే గొట్టాల గోడల మీద కంటికి ఆననంత సన్నని నూగు ఉంటుంది. పాఠ్యపుస్తకం దానిని శైలికలు అంటుంది. ఆ నూగు మీద పలుచని జిగురు పొర పరుచుకొని ఉంటుంది. అదే శ్లేష్మం. మనం పీల్చిన దుమ్ము, మసి, పుప్పొడి, రోగక్రిములు ఆ జిగురుకు అంటుకుంటాయి. శైలికలన్నీ గాలికి ఊగే వరిచేనులాగా ఒకే వరుసలో, ఒకే దిక్కుకు కొట్టుకుంటూ, ఆ జిగురును కొంచెం కొంచెంగా పైకి, గొంతు వైపుకు నెడతాయి. అక్కడికి చేరినదాన్ని మనం మనకు తెలియకుండానే మింగేస్తాము. మిగతా సంగతి పొట్ట చూసుకుంటుంది.

ఎంత చక్కని ఏర్పాటు అంటారా? ఎంత ఘోరమైన ఏర్పాటు అంటాను నేను!

వాటికి ఆదివారం ఉన్నదా? ఉగాది ఉన్నదా? రంజాన్, క్రిస్మస్ ఉన్నాయా? మీరు నిద్రపోతారు, అవి నిద్రపోవు. మీరు చర్చిలో మోకరిస్తారు, అవి ఊడుస్తూనే ఉంటాయి. మీరు పెళ్లిలో మూడోసారి బిర్యానీ పెట్టించుకుంటారు, అవి ఊడుస్తూనే ఉంటాయి. పుట్టిన నాటి నుండి ఒక్క క్యాజువల్ లీవు లేదు, ఒక్క బోనస్ లేదు, కనీసం స్టేజీ ఎక్కించి ఒక శాలువా కప్పినవాడు లేడు!

ఈ అన్యాయాన్ని ఏ యూనియన్ పట్టించుకున్నది? ఏ జెండా కదిలింది? ఎవరూ కదలలేదు. ఎవరూ కదలని చోట బీడీ తాగేవాడు కదిలాడు. అగ్గిపుల్ల గీశాడు!

మొదటి దమ్ము లోపలికి వెళ్లగానే శైలికల ఊపు తగ్గుతుంది. మరికొన్ని దమ్ములకు అవి తూలుతాయి. రోజూ క్రమం తప్పక పొగ అందించే యజమాని దొరికితే, కొన్నాళ్లకు ఊడ్చడమే మరచిపోతాయి. కొన్ని పొట్టివైపోతాయి, కొన్ని రాలిపోతాయి. వైద్యులు దీనిని నష్టం అంటారు. పాపం, వైద్యులకు కార్మిక చట్టం తెలియదు. దీని పేరు స్వచ్ఛంద పదవీ విరమణ!

ఆ మహానుభావుడి ఔదార్యం అక్కడితో ఆగదు. పొగ తగిలిన గొట్టం మునుపటికంటే ఎక్కువ జిగురు తయారు చేస్తుంది. అనగా, ఊడ్చేవాళ్లను ఇంటికి పంపి, చెత్తను రెట్టింపు చేశాడన్నమాట. ఇంతటి పరిపాలనాదక్షుడికి మనం ఇంకా ఓటు వేయలేదేమిటని నాకు ఆశ్చర్యంగా ఉంటుంది!

ఇక పొదుపు సంగతి.

నంద్యాల నుండి ఆళ్లగడ్డకు ఒకసారి ప్రయాణం చేసి చూడండి. ఊరు దాటేవరకు డీజిలు మసి. శిరివెళ్ల దాటిన తరువాత కళ్లాల్లో ఆరబోసిన మిరప ఘాటు. ఆళ్లగడ్డ చేరేసరికి విగ్రహాల షెడ్ల నుండి తెల్లగా లేచే రాతిపొడి. పొగ తాగనివాడు ఈ సంపదనంతా సాయంత్రానికల్లా మింగి పోగొట్టుకుంటాడు. దుబారా మనిషి! పొగ తాగేవాడు ఒక్క రేణువునైనా వదులుతాడా? కర్నూలు–కడప రోడ్డును దఫదఫాలుగా తన ఛాతీలోకి బదిలీ చేసుకుంటాడు. చివరికి అక్కడ ఎవరైనా కాంట్రాక్టరు టెండరు వేసుకొని నాలుగు వరుసల రహదారి పరుచుకోవచ్చు!

సమాజసేవ చూడండి. మా వీధిలో శ్యాంసుందర్ గారనే రిటైర్డ్ ఉద్యోగి ఉన్నారు. తెల్లవారుజామున ఆయన దగ్గు అందుకోగానే పాలవాడు లేస్తాడు, వీధి కుక్కలు లేస్తాయి, పరీక్షల పిల్లలు లేచి పుస్తకం తెరుస్తారు. మా వీధిలో అలారం గడియారం కొన్న ఇల్లు లేదు.

ఆ దగ్గుకు కారణం చెబుతాను. రాత్రి ఆయన నిద్రలో ఉన్నప్పుడు పొగ ఉండదు కదా? ఆ కాసేపట్లో శైలికలు దొంగచాటుగా పనిలోకి దిగుతాయి. బుద్ధి మారని అమాయకులు! తెల్లవారేసరికి ఎంతో కొంత సరుకును పైకి చేర్చి పెడతాయి. దాన్ని బయటికి పంపడానికే ఆ దగ్గు. శ్యాంసుందర్ గారు వెంటనే సిగరెట్టు వెలిగించి, వాటిని మళ్లీ సెలవు మీదకు తోలేస్తారు. దగ్గు అణిగిపోతుంది.

"చూశారా మేడమ్, నా దగ్గుకు సిగరెట్టే మందు!" అంటారాయన.

కూసే కోడి మెడ విరిచి, ఇంకా తెల్లవారలేదని ముసుగు తన్ని పడుకున్నవాడిని మీరు చూసి ఉండరు. మా వీధికి రండి, చూపిస్తాను.

అయితే శ్యాంసుందర్ గారు చిన్న సాక్షి. నా పెద్ద సాక్షి ఆళ్లగడ్డలో ఉన్నాడు.

మా చెల్లెలి కూతురు రెబెకాను ఆళ్లగడ్డలో ఇచ్చాము. ఆమె భర్త ఎజ్రా, రోడ్డు పక్కన నరసింహులు గారి విగ్రహాల షెడ్డులో పని చేస్తాడు. క్రైస్తవుడికి విగ్రహాల షెడ్డులో పనేమిటని మా పాస్టరుగారు కూడా అడిగారు. చాలా ఆదివారాల చర్చ తరువాత ఇద్దరికీ రాజీ కుదిరింది. ఎజ్రా దేవుళ్లను చెక్కడు. దేవుళ్ల కింద పీఠాలు చెక్కుతాడు. పీఠం మీద ఏముంటుందన్నది పీఠానికి సంబంధించిన విషయం కాదని పాస్టరుగారు తేల్చారు.

ఆ షెడ్డులో దేవుళ్లను చెక్కేవారు పీఠం ముట్టరు. అది తమ స్థాయి పని కాదు. అందువల్ల గుడికి వెళ్లే రాముడికైనా, కొడుకులు జ్ఞాపకార్థం చేయించుకున్న రమణమ్మకైనా, కింద నిలబెట్టేవాడు ఎజ్రా ఒక్కడే.

రాతిని కోసే యంత్రం తిరుగుతున్నంతసేపూ ఆ షెడ్డులో మనిషికి మనిషి కనబడడు. మూతికి గుడ్డ కట్టుకోవచ్చు కదా అంటారా? గుడ్డ కడితే బీడీ ఎలా తాగేది? బీడీ అక్కడ మందు! "బీడీ పొగ రాతిదుమ్మును కోస్తాది" అన్నది షెడ్డు సిద్ధాంతం. దాన్ని తరతరాలకు అందిస్తున్న ఆచార్యుడు పెద్ద శిల్పి లక్ష్మీనారాయణ. అతని చేతిలో ఉలి లేని క్షణం ఉండవచ్చును గాని, నోట్లో బీడీ లేని క్షణం ఉండదు.

గమనించారా పాఠకులారా? ఊడ్చేవాళ్ల అవసరం అన్నిచోట్లకంటే ఎక్కువగా ఉన్న ఛాతీలోనే, ఊడ్చేవాళ్లకు అందరికంటే ముందు సెలవు! విశాల హృదయమంటే ఇదే.

ఇంత చక్కని స్థలంలో ఉంటూ మా ఎజ్రా ఒక నేరం చేశాడు. బీడీ మానేశాడు!

ఈస్టరుకు ముందు వచ్చే లెంటు ఉపవాస దినాల్లో ఇష్టమైనదొకటి వదులుకోవడం మా చర్చిలో వాడుక. కొందరు మాంసం వదులుతారు. కొందరు సీరియళ్లు వదిలి, మానివేసిన కథను పక్కింటివాళ్ల నోట వింటారు. ఎజ్రా బీడీ వదిలాడు. మొదటి వారం బాగానే గడిచింది. రెండవ వారం దగ్గు పట్టుకుంది. మామూలు దగ్గు కాదు, పెంకులు కదిలే దగ్గు!

ఏమి జరిగిందో మీకు ఇప్పటికే అర్థమై ఉంటుంది. పొగ ఆగింది. లోపల శైలికలు లేచాయి. కళ్లు నులుముకొని చుట్టూ చూస్తే, ఏళ్ల తరబడి పేరుకున్న రాతిపొడి, మసి, జిగురు! పని మొదలుపెట్టాయి. పైకి నెట్టినదంతా దగ్గుగా బయటికి వస్తున్నది. బాగుపడుతున్న మనిషి దగ్గుతున్నాడు. చెడిపోతున్నవాళ్లు హాయిగా బీడీ తాగుతూ నిశ్శబ్దంగా ఉన్నారు. న్యాయం ఎవరి పక్షాన ఉంటుందో వేరే చెప్పాలా?

రెబెకా ఫోన్ చేసింది.

"పెద్దమ్మా, నువ్వు బేగా రా. ఆయన్ను షెడ్డు కాడ్నుంచి పంపించేసినారు. దగ్గు తగ్గితేనే రావల్లంట. తగ్గేదానికి బీడీ తాగమంటాండారు. ఈ సోమవారం లోపల పోకుంటే వేరే మనిషిని పెట్టుకుంటారంట."

"టీబీ పరీక్ష చేయించారా?"

"చేపిచ్చినాం పెద్దమ్మా. లేదన్నారు. ఆ కాయితం తీస్కపోయి చూపిస్తే, దగ్గు కాయితం మీద లేదు గొంతులో ఉండాది అన్నారు."

బస్సెక్కాను. షెడ్డు దగ్గర దిగగానే నన్ను పలకరించినది ఒక రాతి పలక. "దగ్గు, జలుబు గలవారికి లోనికి ప్రవేశము లేదు." కరోనా దినాల్లో నరసింహులు గారు చెక్కించినది. మిగతా ఊరంతా అప్పుడు కాగితం మీద రాసి అంటించుకున్నది, వానకు పోయింది. వీరు రాతిలో చెక్కించారు. కరోనా వెళ్లిపోయినా రాయి ఎక్కడికి వెళ్తుంది?

ఆ పలక పక్కనే, ఒక సగం నంది మీద కూర్చొని ఎజ్రా దగ్గుతున్నాడు.

నరసింహులు గారు మంచి మనిషి. కుర్చీ తుడిచి వేయించారు.

"నన్నేం చేయమంటారు టీచరమ్మా? కస్టమర్లొస్తాండారు. వాళ్లు భక్తితో దేవుణ్ణి చూస్తాంటే, ఈయప్ప ఎనక నిలబడి ఖళ్లు ఖళ్లుమంటాండాడు. దేవుడే దగ్గినాడేమోనని మొన్న ఒకాయమ్మ ఎగిరిపడింది."

లక్ష్మీనారాయణ పొగ వదిలి అందుకున్నాడు. "తాగినన్ని దినాలు ఒక్క దగ్గు ల్యా. మానినాడు, పట్టుకునె. ఇంగ మీరే చెప్పండి టీచరమ్మా, యాది మందు, యాది రోగం?"

నేను లేచాను. నేలమీది రాతిపొడిలో వేలితో శ్వాసనాళం బొమ్మ గీశాను. శైలికలు పెట్టాను, జిగురు పెట్టాను, బాణం గుర్తులు పెట్టాను. తరగతిలో ఇంత శ్రద్ధగా విన్న పిల్లలు నాకు ఎన్నడూ దొరకలేదు. అందరూ బీడీలు పట్టుకొని వంగి చూశారు. బొమ్మ మీద బూడిద రాల్చారు.

"కంటికి అగుపడని ఎంటికలు గొంతులో ఊడుస్తాండాయా?" అన్నాడు లక్ష్మీనారాయణ. "ఎవురు చూసొచ్చినారమ్మా?"

"కంటికి కనపడని దేవుళ్లను కొలతలతో సహా చెక్కేవాడివి, నువ్వు అడగవలసిన ప్రశ్నేనా అది?"

షెడ్డంతా గొల్లుమన్నది. "ఆ మాటకొస్తే పాయింటే!" అని లక్ష్మీనారాయణ కూడా నవ్వి, ఆ ఆనందంలో ఇంకో బీడీ వెలిగించాడు.

ఆ పిమ్మట బయటికి వచ్చి, ఎజ్రా ముందు నిలబడి, కట్టలోంచి ఒక బీడీ పైకి జరిపాడు.

"ఒక్కటి పీల్చప్పా. దగ్గు కూచుంటాది, నువ్వు లోపల కూచుంటావ్. అయినా మీ దేవుడు బీడీ అడిగేదేందీ? మా వెంకన్నను చూడు, తల ఎంటికలడుగుతాడు. ఇచ్చినా మళ్లీ మొలుస్తాయి!"

ఎజ్రా నవ్వబోయి దగ్గాడు. చేయి బీడీ వైపు కొంచెం లేచింది. అతనితో వచ్చిన రెబెకా షెడ్డు గుమ్మం దగ్గర కొంగు పట్టుకొని నిలబడింది.

"తాగితే పనుండాది అత్తమ్మా," అన్నాడు నాతో. "తాగకుంటే ఊపిరుండాది. రెండూ ఒక్క మనిషికే ఉండే దారి లేదా?"

జీవశాస్త్రంలో దీనికి సమాధానం ఉన్నది. ఆళ్లగడ్డలో లేదు.

అతడు బీడీ తీసుకోలేదు. ఇంటికి వెళ్లిపోయాడు. నేను కూడా వారి ఇంట్లోనే ఉండిపోయాను. సోమవారం వచ్చేవరకు కదలకూడదని నిశ్చయించుకున్నాను. ఏమి చేయగలనో మాత్రం తెలియదు. న్యాయం కోరేవారికి ఆ సంగతి సాధారణంగా తెలియదు.

శనివారం ఉదయం షెడ్డులో ఒక ముహూర్తం ఉన్నది. వెలుగోడు దగ్గర ఒక ఊరివారు నిలువెత్తు ఆంజనేయుణ్ణి చేయించారు. కళ్లు తెరిచే గడియను వారి పూజారి ముందే నిర్ణయించి పంపాడు. ఆ షెడ్డు పద్ధతి ప్రకారం కళ్లు చెక్కేవరకు విగ్రహం రాయే. దాని ముక్కు మీద పొగ వదలవచ్చు, భుజం మీద టీ గ్లాసు పెట్టవచ్చు, దాని ఎదుటే ఇంకొకరి అమ్మమ్మను తిట్టవచ్చు. కళ్లు తెరిచారో, అంతే. అందరూ చేతులు కట్టుకుంటారు.

నరసింహులు గారు మర్యాదకు పిలిచారు. నేను వింత చూడడానికి వెళ్లి గడప ఇవతల నిలబడ్డాను. లక్ష్మీనారాయణ స్నానం చేసి, నోరు పుక్కిలించి వచ్చాడు. సన్నని ఉలి తీసుకున్నాడు. ఊపిరి బిగబట్టి, రెండు గీతలు గీశాడు. రాయి నా వైపు చూసింది! కాన్వెంటు చదువు మీద ఒట్టు, ఒక్క క్షణం నేను కొంగు సర్దుకున్నాను.

"ఆర్పేయండ్రా అందరూ!" అని కేక వేశాడు లక్ష్మీనారాయణ. "కండ్లు తెరిసినాడు. ఇంగ ఈడ పొగ కూడదు. కావల్లంటే రోడ్డుకు ఆ పక్కకు పోండి."

ఆ కేకతో షెడ్డులోని బీడీలన్నీ ఆరిపోయాయి. నేను నేలమీది దుమ్ములో గీసిన బొమ్మ చేయలేని పనిని రెండు ఉలి గీతలు చేశాయి!

మామూలుగా అయితే కళ్లు తెరిచిన పూటే లారీ వస్తుంది, విగ్రహం పోతుంది, బీడీలు తిరిగి వస్తాయి. ఈసారి లారీ వచ్చింది. ఖాళీగా పోయింది. ఎందుకంటే పీఠం లేదు! దాతల పేర్లు సగం చెక్కి ఉన్నాయి. మిగతా సగం చెక్కవలసినవాడు ఇంట్లో దగ్గుతున్నాడు. పీఠం లేకుండా మేము తీసుకొనిపోము, సగం మంది దాతలతో అసలే తీసుకొనిపోము అన్నారు ఊరివాళ్లు. దాతల్లో సర్పంచు పేరు రెండో సగంలో ఉన్నది.

"ఎవురన్నా పీఠం ఎత్తుకోండ్రా," అన్నారు నరసింహులు గారు.

శిల్పులందరూ ఆకాశం వైపు చూశారు. దేవుళ్లను చెక్కే చేతులతో సర్పంచు పేరు చెక్కమంటారా?

ఆ విధంగా ఆంజనేయుడు షెడ్డులోనే నిలబడిపోయాడు. కళ్లు తెరుచుకొని.

పాఠకులారా, ఆ దినాల ఆనందాన్ని నేను ఎలా వర్ణించను! బీడీ కావాలంటే యంత్రం ఆపాలి, చెప్పులు వేసుకోవాలి, లారీలు తప్పించుకొని రోడ్డు దాటాలి, ఎండలో నిలబడి తాగి తిరిగి రావాలి. ఎండాకాలపు ఆళ్లగడ్డ రోడ్డు అది. తాగిన బీడీకంటే కారిన చెమట ఎక్కువ. గంటకొకసారి వెళ్లేవాళ్లు పూటకొకసారి వెళ్లసాగారు. సోమవారం వచ్చింది, వెళ్లింది. వేరే పీఠం మనిషి కోసం నరసింహులు గారు సంజామల దాకా కబురు పెట్టారు, ఎవరూ దొరకలేదు.

ఆ తరువాత ఒక ఉదయం షెడ్డులో ఎవరో దగ్గారు.

అందరూ ఎజ్రా వచ్చాడేమోనని తలలు తిప్పి చూశారు. రాలేదు. గ్రైండరు దగ్గర కుర్రవాడు. ఇంకాసేపటికి సరస్వతీదేవి వీణ వెనుక నుండి ఒకటి. మర్నాటికి షెడ్డంతా కచేరీ! ఒకడు తబలా, ఒకడు డోలు, ఒకడు తుప్పు పట్టిన తలుపు. అందరికంటే ఆఖరున లక్ష్మీనారాయణ అందుకున్నాడు. అతనిది దగ్గు కాదు పాఠకులారా, క్వారీలో బ్లాస్టింగు! అతని ఛాతీలో ఎన్ని దేవాలయాల రాతిపొడి ఉన్నదో ఊహించండి. నేను గడప ఇవతల నిలబడి, లోపల నిద్రలేచిన ఆ కోటానుకోట్ల ఊడ్చేవాళ్లకు మనసులోనే చప్పట్లు కొట్టాను.

నరసింహులు గారు రాతిపలక దగ్గరికి వచ్చి, దానిని చదివారు. షెడ్డులోకి చూశారు. మళ్లీ చదివారు. ఆయన చెక్కించిన చట్టం ప్రకారం ఇప్పుడు లోపల ఉండదగినవాడు ఆంజనేయుడొక్కడే!

ఆయన ఎజ్రాకు ఫోన్ చేసినప్పుడు నేను అతని పక్కనే ఉన్నాను.

"ఇంకా దగ్గుతాండావా?"

"దగ్గుతాండా అన్నా. మునుపటంత లేదు."

"ఈడ అందరం దగ్గుతాండాం గానీ, రాబ్బా. వచ్చి ఆ పీఠం ఎత్తుకో. ఆ టీచరమ్మను కూడా తోడ్కొనిరా. ఆ ఎంటికల కథ ఇంగోసారి చెప్తాదేమో అడుగు."

చెప్పాను. ఈసారి బొమ్మ మీద బూడిద రాలలేదు. రాతిపలకను గోడవైపు తిప్పి పెట్టారు. ఎజ్రా మూతికి గుడ్డ కట్టుకొని పీఠం ముందు కూర్చున్నాడు. నోట్లో బీడీ లేనివాడికి గుడ్డ కట్టుకొనే వీలు ఉంటుందని అందరూ అప్పుడే కనిపెట్టారు.

ఇక్కడ నేను చేసిన ప్రార్థన గురించి మా పాస్టరుగారికి మీరెవరూ చెప్పకూడదు. నేను విగ్రహానికి మొక్కలేదు. విగ్రహం ఇంకొన్నాళ్లు కదలకూడదని మాత్రం మా దేవుణ్ణి వేడుకొన్నాను!

"నాయనా ఎజ్రా, తొందరేముంది? అక్షరాలు గుండ్రంగా రావాలి కదా," అని కూడా అన్నాను.

"పని పనే అత్తమ్మా," అన్నాడు వాడు, తల ఎత్తకుండా. ఊపిరి బాగా ఆడుతున్నదేమో, అక్షరాలు పరుగెత్తాయి. ఈస్టరు దాటిన వారంలో పీఠం సిద్ధమైంది. సర్పంచు పేరు అందరికంటే లోతుగా పడింది. లారీ వచ్చింది. ఆంజనేయుడి కళ్లకు గుడ్డ కట్టి, గడ్డి మీద పడుకోబెట్టి, జై కొడుతూ తీసుకొనిపోయారు.

లారీ మలుపు తిరగగానే షెడ్డులో అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. లోపల ఇప్పుడు కళ్లు లేని రాళ్లే మిగిలాయి. లక్ష్మీనారాయణ తన స్థానంలో కూర్చొని, చెవి వెనుక నుండి బీడీ తీశాడు. అగ్గిపుల్ల గీశాడు.

రెబెకా నా చేయి పట్టుకున్నది. లెంటు ముగిసింది. మొక్కు తీరింది. ఇక ఎజ్రాను ఆపేది ఏదీ లేదు. అదే పొగలో రోజంతా కూర్చుంటే, మళ్లీ ఆ కట్టవైపు చేయి చాచడానికి ఎన్నాళ్లు పడుతుంది?

ఎజ్రా ఉలి కింద పెట్టాడు. మూతికి కట్టిన గుడ్డ దించాడు.

"అన్నా," అన్నాడు. "నావి తెరిసే ఉండాయి."

"ఏందీ?"

"కండ్లు."

లక్ష్మీనారాయణ అతని ముఖంలోకి చూశాడు. చెక్కబోయే ముందు శిల్పి రాతిని చూస్తాడే, ఆ చూపు. అగ్గిపుల్ల వేలిదాకా కాలింది. "అబ్బా!" అని విదిలించుకొని, చెప్పులు వెతుక్కొని, ఏదో గొణుగుతూ రోడ్డు దాటాడు. ఆ తరువాత బీడీ కావాలనుకున్నవారందరూ రోడ్డే దాటుతున్నారు. ఎజ్రా పీఠాలు చెక్కుతున్నాడు. దగ్గు దాదాపు పోయింది.

కాబట్టి పాఠకులారా, పొగ తాగేవారికి నేను శత్రువునని అనుకోకండి. మీ గొట్టం మీ ఇష్టం. మీ శైలికలకు మీరు ఆదివారం ఇవ్వండి, పింఛను ఇవ్వండి, దినకర్మలు చేయండి. నేను అడిగేది ఒక్కటే. నా గొట్టంలో ఉన్నవి ఇంకా ఉద్యోగంలో ఉన్నాయి. వాటిని అడగకుండా మీరు సెలవు మంజూరు చేయడం ఏ చట్టంలో ఉన్నది? రాతికి కళ్లు రాగానే లేచి బయటికి వెళ్లే మర్యాద మన జిల్లాలో ఉన్నది కదా; పుట్టుకతోనే కళ్లు ఉన్నవాళ్లం, మేము ఇంకెవరిచేత చెక్కించుకోవాలి?

ఈ సత్యం గ్రహించిన ఉత్సాహంతో ఆంజనేయుడు వెళ్లిన నాటి సాయంత్రం ఆళ్లగడ్డలో నంద్యాల బస్సు కోసం బెంచీ మీద కూర్చున్నాను. పక్కన ఒక పెద్దమనిషి సిగరెట్టు వెలిగించాడు. నేను అద్దాలు తీసి, అతని వైపు తిరిగి, నా రెండు కళ్లను శక్తికొద్దీ తెరిచాను.

అతడు కంగారుపడ్డాడు.

"అయ్యో, కంట్లో నలుసు పడిందా పెద్దమ్మా? ఉండుండు, కదలొద్దు," అంటూ ఎంతో దయతో నా మీదికి వంగి, నిండుగా ఒక దమ్ము లాగి, ఆ నోటితోనే నా కంట్లోకి ఊదాడు.